వంత పాడిన వాళ్లు

తెలుగులో 'వంత పాడటం' అనే మాటకి మంచి పేరు లేదు. ఎవరో పెద్దమనిషి ఏదో అంటే ముందూ వెనకా చూడకుండా తలూపేవాళ్లని వంతపాటగాళ్లంటాం. రాజకీయ వార్తల్లో రోజూ కనబడే తిట్టు ఇది. కానీ బుర్రకథని ఒక్కసారైనా ముందు వరసలో కూచుని చూసినవాళ్లకి వంత అంటే ఏమిటో వేరేగా తెలుస్తుంది. నడుమ తంబురాతో, వేళ్లకి అందెలతో కథకుడు. చెరో పక్కా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. కథకుడు చరణం ఎత్తి ఊపిరి తీసుకునే చోట పాటని కింద పడకుండా పట్టుకునేది వాళ్లే. ఒక వంత హాస్యం చెబితే ఇంకో వంత రాజకీయం చెబుతాడు. అంటే ఎప్పటిదో వీరగాథని మధ్యలో ఆపి, ఇవాళ ఈ ఊళ్లో బియ్యం ఎవరు దాచారని అడిగే హక్కు కథకుడికి కాదు, వంతకి ఉంది. ఇంత పని చేసే మనిషి పేరు భజనపరుడికి పర్యాయపదం ఎలా అయిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. బుర్రకథకి మూలమని చెప్పే జంగం కథలో కొన్నిచోట్ల కథకుడి ఇంటి ఆడవాళ్లే వంత పాడేవారన్న సంగతి గుర్తుచేసుకుంటే ఆ ఆశ్చర్యం కాస్త తగ్గుతుంది.

ఈ మాట పట్టుకుని ఇంతసేపు వేలాడటానికి కారణం ఉంది. ఉస్మానియా క్యాంపస్‌కీ తార్నాకకీ మధ్య తిరిగే ఒక చిన్న పాటల బృందంలో నేనూ ఉన్నాను. పద్నాలుగు మందిమి. హాస్టల్లో ఉండి పరిశోధన చేస్తున్న అమ్మాయిలు, ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకావిడ, తార్నాక వీధుల్లో ఇంటింటికీ తిరిగి సంగీతం చెప్పుకుని బతికే ఒక టీచరు. ఆదివారం సాయంత్రం ఎవరింట్లో హాలు ఖాళీగా ఉంటే అక్కడ చేరతాం. మొన్న జనవరిలో ఒక శుక్రవారం రాత్రి సికింద్రాబాద్‌లో మచిలీపట్నం రైలెక్కి, బందరులో, పామర్రు దగ్గర ఒక పల్లెలో, విజయవాడలో పాడి, సోమవారం తెల్లారేసరికి తిరిగొచ్చి పడ్డాం. ఆ రెండు రోజుల ముచ్చట చెప్పటం కాదు ఈ వ్యాసం ఉద్దేశం. అదే దారిలో ఎనభై ఏళ్ల క్రితం పాడుతూ తిరిగిన స్త్రీల గురించి మనం ఏం రాసుకున్నాం, ఏం రాయకుండా వదిలేశాం అన్నది నా ప్రశ్న. ప్రయాణానికి ముందు నెల రోజులూ ఆ పుస్తకాలే మళ్లీ చదివాను. వచ్చాక ఇంకోసారి చదివాను. రెండో చదువుకి అవి వేరుగా కనబడ్డాయి.

ముందు కొంచెం చరిత్ర. 1943లో బొంబాయిలో ఇప్టా ఏర్పడింది. ఆ ఏడే ఆంధ్రలో ప్రజానాట్యమండలి మొదలైంది. ఒకపక్క యుద్ధం, ఇంకోపక్క బెంగాల్ కరువు. కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో బుర్రకథ, కోలాటం, వీధి భాగవతం లాంటి జనానికి తెలిసిన రూపాల్లోనే కొత్త సంగతులు చెప్పటం మొదలుపెట్టారు. డాక్టర్ గరికపాటి రాజారావు నాటకాలు, షేక్ నాజర్ బుర్రకథ అందరికీ తెలిసినవే. మోటూరి ఉదయం గారు కథ చెబుతూ, పక్కన ఇద్దరు స్త్రీలే వంతలుగా ఒక దళం నడిచింది. ఆడవాళ్లు వేదిక మీద నిలబడి బుర్రకథ చెప్పటం అప్పటికి ఎవరూ చూసి ఎరగని దృశ్యం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మా భూమి' నాటకాన్ని కోస్తాలో పదుల కొద్దీ దళాలు ఆడాయి. తర్వాత ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నాటకం తెలంగాణ రైతుల కథ. తెలంగాణ కష్టాన్ని అప్పుడు కోస్తా ఆడవాళ్లు, మగవాళ్లు ఊరూరా తిరిగి వినిపించారు. ఇన్నేళ్ల తర్వాత, రెండు రాష్ట్రాలు వేరైన తర్వాత, మేం బతుకమ్మ పాట పట్టుకుని బందరు వెళ్లాం. విన్నవాళ్లలో కొందరు చప్పట్ల వరస పట్టుకోలేకపోయారు గానీ 'ఉయ్యాలో' దగ్గరికి వచ్చేసరికి అందరూ అందుకున్నారు. వంతకి సరిహద్దులు అంత తొందరగా అడ్డం రావనిపించింది.

ఇక పుస్తకాల సంగతి. ఉద్యమ చరిత్రలు తిరగేస్తే ఈ స్త్రీల గురించి తరచు ఒకటే వాక్యం ఎదురవుతుంది. ఈ కార్యక్రమాల్లో స్త్రీలు కూడా పాల్గొన్నారు అని. ఆ 'కూడా' దగ్గర నాకు ఎప్పుడూ కలం ఆగిపోతుంది. పాల్గొనటం అంటే హాజరు. ఎవరు ఏ శ్రుతిలో పాడారు, ఎవరు వరస కట్టారు, మైకు లేని ఊళ్లో వెనక వరస దాకా గొంతు ఎలా చేర్చారు, చంటిపిల్లని ఎవరి ఒళ్లో పెట్టి వేదికెక్కారు, ఇవేవీ హాజరు పట్టీలో ఉండవు. పురుష కళాకారుడికి శైలి ఉంటుంది, గురువు ఉంటాడు, శిష్యపరంపర ఉంటుంది. స్త్రీలకి భాగస్వామ్యం ఉంటుంది.

ఈ లోటుని మొదట గట్టిగా పట్టుకున్నది హైదరాబాదు స్త్రీలే. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' లేకపోతే నాలాంటి వాళ్లం ఈ ప్రశ్నలు వేయటమే నేర్చుకునేవాళ్లం కాదు. అందులో చిట్యాల అయిలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటి తెలంగాణ స్త్రీల పక్కనే మోటూరి ఉదయం, కొండపల్లి కోటేశ్వరమ్మ, మానికొండ సూర్యావతి లాంటి కోస్తా స్త్రీలు కూడా మాట్లాడతారు. పెళ్లి, పిల్లలు, రహస్య జీవితం, పార్టీ క్రమశిక్షణ, పోరాటం ఆగిపోయాక ఇళ్లకి వెళ్లమనటం, వీటి గురించి అంతకు ముందు ఎవరూ అడగని ప్రశ్నలు ఆ సంపాదకులు అడిగారు. అయితే పాట ఆ పుస్తకంలో సంఘటనగా ఉంది గానీ ప్రశ్నగా లేదని నాకనిపిస్తుంది. 1980ల్లో వాళ్ల ముందున్న అవసరాలు వేరు. తుపాకీ పట్టిన స్త్రీ, ఆ స్త్రీని తర్వాత వంటింట్లోకి పంపిన ఉద్యమం, ఈ రెంటి మధ్య వైరుధ్యం అప్పుడు తేల్చుకోవాల్సిన విషయం. వసంత కన్నబిరాన్, కె. లలిత 1989లో ఇంగ్లీషులో రాసిన వ్యాసం పేరు ఆ కాలాన్ని 'మాయాకాలం' అంటుంది. ఆ స్త్రీల జ్ఞాపకాల్లో ఉన్న వెలుగుకి అది సరిగ్గా సరిపోయే మాట. కాకపోతే మాయ అన్నాక దాని వెనక పని కనబడదు. సాధన కనబడదు. నాలుగు ఊళ్లు తిరిగాక బొంగురుపోయిన గొంతు అసలే కనబడదు.

నా వాదన అంతా 'ఔత్సాహిక' అనే మాట చుట్టూ తిరుగుతుంది. నాటక పరిషత్తుల వల్ల మనకి అలవాటైన మాట ఇది. డబ్బు కోసం కాకుండా ఉత్సాహం కొద్దీ చేసేవాళ్లు అని అర్థం. మగవాడి విషయంలో అది తీరిక సంగతి. పగలు ఉద్యోగం చేసుకుంటాడు, రాత్రి రిహార్సల్‌కి వస్తాడు. స్త్రీ విషయంలో అలా కాదు. డబ్బు తీసుకోకుండా పాడుతోంది అంటే సంసారి అని అర్థం. డబ్బు తీసుకుని పాడితే ఇంకో అర్థం. మన ఊళ్లలో ఆ రెండో అర్థానికి ఎన్ని పేర్లున్నాయో పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు. స్థానం నరసింహారావు స్త్రీ వేషాలు వేసి మెప్పించిన కాలం అది. స్త్రీని వేదికెక్కించటం కంటే మగవాడికి చీర కట్టటం మర్యాదగా ఉండేది.

అలాంటి రోజుల్లో రైతు కుటుంబాల కోడళ్లు, కూతుళ్లు నలుగురిలో నిలబడి పాడటానికి వాళ్లకి దొరికిన రక్షణ ఒకటే. మేం పొట్టకూటికి పాడటం లేదు, దేశం కోసం పాడుతున్నాం. పూర్తికాలం కార్యకర్తలకి ఏదో కొంత భత్యం ఇవ్వటం వేరే సంగతి. అది పాటకి కూలి కాదు. ఆ రక్షణ ఉన్నా మాటలు పడక తప్పలేదు. లేకపోతే గడప దాటటమే కుదిరేది కాదు.

సరిగ్గా అదే దశాబ్దంలో అదే డెల్టాలో ఇంకో సంగతి జరుగుతోంది. తరతరాలుగా పాటని, అభినయాన్ని వృత్తిగా బతికిన కలావంతుల స్త్రీల వేదికలు మూతపడుతున్నాయి. వీరేశలింగం నాటి నుంచి సాగిన మేజువాణి వ్యతిరేక ఉద్యమం చివరికి 1947లో మద్రాసు ప్రభుత్వం చేసిన దేవదాసీ నిషేధ చట్టంతో స్థిరపడింది. ఆ చట్టంలో విముక్తి లేదని నేననను. బాలికల్ని గుడికి అంకితం చేసే ఆచారాన్ని ఎవరూ వెనకేసుకు రాలేరు. అయితే ఆచారంతో పాటు ఆ స్త్రీల విద్య కూడా నేరం కింద జమైంది. దావేష్ సోనేజీ 2012లో ప్రచురించిన 'అన్‌ఫినిష్డ్ జెస్చర్స్'లో గోదావరి డెల్టాలోని కలావంతుల స్త్రీలతో మాట్లాడి రాసిన అధ్యాయం ఉంది. బయట పాడటం పోయాక నాలుగు గోడల మధ్య, తమలో తాము, జ్ఞాపకంగా పాడుకున్న స్త్రీలు వాళ్లు. ఆ అధ్యాయాన్ని, ఉద్యమ స్త్రీల జ్ఞాపకాల్ని పక్కపక్కన పెట్టి ఒకే రోజు చదివితే మనసు కుదురుగా ఉండదు.

'కన్యాశుల్కం' భాషలో చెప్పాలంటే, 1940ల్లో బుచ్చమ్మ పాడటం మొదలుపెట్టింది, మధురవాణి ఆపేసింది. ఇది మాట వరసకి అనటం లేదు. 1918లో పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారు అక్షరాలా బుచ్చమ్మే. ఊహ తెలియకముందే పెళ్లి, ఊహ తెలియకముందే వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, ఉద్యమం, పాట. ఆవిడ గొంతెత్తటం మన చరిత్రలో ఎంత పెద్ద సంగతో, పక్కన ఇంకో గొంతు మూగబోవటం అంత పెద్ద సంగతి. రెంటినీ కలిపి చూసిన సాహిత్య చరిత్ర ఉండాలి. ముద్దుపళనిని, 1910లో 'రాధికా సాంత్వనము'ని అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మని తలకెత్తుకున్న మనం, ఈ ఇరవయ్యో శతాబ్దపు మౌనం దగ్గర ఎందుకో చప్పున ముందుకి వెళ్లిపోతాం.

ఇక్కడ రూపం గురించి ఒకమాట. మా బృందంలో రిహార్సల్ మొదలైన రోజు నుంచీ నడుస్తున్న గొడవ ఇది. అందరం ఒకే వరసలో, ఒకే శ్రుతిలో పాడాలని పెద్దవాళ్లంటారు. రెండు మూడు వరసలుగా విడిపోయి పాడితే బాగుంటుందని చిన్నవాళ్లు. ఇప్టాలోంచి వచ్చిన సలిల్ చౌధురి 1958లో బొంబాయి యూత్ క్వాయర్‌ని కట్టారు. అదే ఏడు రుమా గుహ ఠాకుర్తా కలకత్తా యూత్ క్వాయర్ మొదలుపెట్టారు. ఒక స్త్రీ నాయకత్వంలో దశాబ్దాల పాటు నడిచిన ఔత్సాహిక బృందం అది. మద్రాసులో ఎం.బి. శ్రీనివాసన్ పని చేశారు. వీళ్లంతా మన పాటలకి పాశ్చాత్య పద్ధతిలో వరసలు అల్లినవాళ్లు. మన ఊళ్లలో బృందగానం అంటే మాత్రం 'ఏకకంఠం'. ఆ మాటకి మనకి ఎంత గౌరవమో చూడండి. ఏకకంఠంతో ఆమోదించారు, ఏకకంఠంతో నినదించారు. ఏకకంఠంలో బలం ఉంది, కాదనను. భయపడే మనిషికి పక్కవాళ్ల గొంతు గోడలా ఆనుకోవటానికి ఉంటుంది. కానీ అందులో ఎవరి గొంతు ఏదో తెలియదు. ఒకరు మానేసినా పాట ఆగదు, మానేసిన సంగతీ ఎవరికీ తెలియదు. వంత అలా కాదు. కథకురాలు వదిలిన చోటు నుంచి వంత అందుకోకపోతే కథ అక్కడే కూలిపోతుంది. ఉద్యమం స్త్రీలకి ఏ పని ఇచ్చాననుకుంది, వాళ్లు నిజంగా ఏ పని చేశారు అన్న తేడా ఈ రెండు రూపాల మధ్య తేడా లాంటిదే. చరిత్ర వాళ్లని ఏకకంఠంలో లెక్కేసింది. వాళ్లు పట్టింది వంత.

పామర్రు దగ్గర పల్లెలో మేం పాడింది ఒక బడి ఆవరణలో, పొద్దున్నే. కోతలు అయిపోయి మినప చేలు పచ్చగా ఉన్న రోజులు. కూలికి వెళ్లే ఆడవాళ్లు కొందరు దారిలో ఆగి గోడ పక్కన నిలబడ్డారు. మేం పాడిన వాటిలో ఒక నాట్ల పాట ఉంది. మా టీచరు దాన్ని విలంబంలో, చక్కటి రాగచ్ఛాయతో తీర్చిదిద్దారు. పాట అయ్యాక ఒక పెద్దావిడ దగ్గరికొచ్చింది.

"బాగా పాడారమ్మా. కానీ ఇట్టా సాగదీస్తే మునుం కదలదు."

మరి ఎంత వేగంగా పాడాలి అని అడిగాం.

"అది పనిని బట్టి. గుత్తకి ఒప్పుకుంటే గబగబా పాడతాం, పొద్దుగూకే లోపల మడి అయిపోవాలిగా. రోజుకూలి అయితే నిదానం. రైతు గట్టు మీదుంటే ఒక వరస, లేకపోతే ఇంకో వరస." మమ్మల్ని అందర్నీ ఓసారి చూసి అడిగింది. "ఇంతకీ మీది గుత్తా, రోజుకూలా?"

బ్యాంకు మేడమ్ నవ్వి, "ఊరికేనమ్మా, ఇష్టం కొద్దీ" అంది.

"ఊరికే పాడటానికి హైదరాబాదు నుంచి వచ్చారా?" అని ఆవిడ మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఈ నాలుగు మాటలూ నేను చదివిన చాలా సిద్ధాంతం కంటే ఎక్కువ పని చేశాయి. ఆవిడకి పాట వృత్తీ కాదు, ఉత్సాహమూ కాదు. పనిలో భాగం. వేగం ఎంతన్నది సంగీత విషయం కాదు, కూలి విషయం. ప్రజానాట్యమండలి స్త్రీలలో చాలామంది భూమి ఉన్న కులాల వాళ్లు. వాళ్లు పాడిన బాణీల్లో ఎన్నో మునుం మీద దళిత స్త్రీలు పాడుకున్న వరసల్లోంచే వచ్చి ఉండాలి. అవి జనం బాణీలుగా, అంటే ఎవరివీ కానివిగా పుస్తకాల్లోకి ఎక్కాయి. వేదికెక్కినావిడకి 'కూడా' అయినా దక్కింది. మడిలో పాడినావిడకి అదీ లేదు. స్త్రీల పాట అని మనం ఒక్క మాటగా అనేస్తాం గానీ కలావంతుల పాట, రైతు ఇంటి కోడలి పాట, కూలి స్త్రీ పాట మూడూ మూడు వేరువేరు కొలతలతో తూగాయి. వాటిని ఏకకంఠం చేయటం మనకి తగదు.

కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' 2012లో, ఆవిడ తొంభై నాలుగో ఏట వచ్చింది. ఆ పుస్తకాన్ని మనం ఎక్కువగా త్యాగాల కథగా, ఒక పెద్ద నాయకుడు వదిలేసి వెళ్లిన భార్య కథగా చదివాం. అలా చదవటానికి కావలసినంత దుఃఖం అందులో ఉంది. కొడుకునీ కూతుర్నీ ఇద్దర్నీ పోగొట్టుకున్న తల్లి రాసిన పుస్తకం. నేను ఈసారి దాన్ని ఒక గాయని ఆత్మకథగా చదివాను. అప్పుడు అజ్ఞాతవాసం పేజీలకి ఇంకో అర్థం వచ్చింది. 1948 తర్వాత నిర్బంధం పెరిగి ఊళ్లు మారుతూ దాక్కోవలసి వచ్చిన రోజులవి. పాటతో పదిమందికీ తెలిసిన మనిషికి అన్నిటికంటే ముందు దాచుకోవలసింది మొహం కాదు, గొంతు. అంతవరకు వీధుల్లో ఎలుగెత్తమన్న ఉద్యమం ఇప్పుడు పక్కింటికి వినపడకుండా మాట్లాడమంది. ఆవిడ దాన్ని ఫిర్యాదుగా రాయలేదు. ఆ పుస్తకం పొడుగునా ఆవిడ గొంతు తగ్గించే మాట్లాడతారు. విశేషణాలు తక్కువ. మహా విషాదాల్ని చిన్న వాక్యాల్లో దాటేస్తారు. కొందరు విమర్శకులు దీన్ని సంయమనం అని మెచ్చుకుంటారు. కావచ్చు. దాగి బతికిన మనిషికి అలవాటైన స్థాయి కూడా కావచ్చు కదా అని నాకనిపిస్తుంది.

1951లో పోరాటం విరమించాక ఆవిడ దగ్గర ఏం మిగిలింది? వేల మంది విన్న గొంతు ఉంది. దానికి ఏ ఆఫీసులోనూ విలువ లేదు. పిల్లల చదువులు, ఇంటి గడవటం కోసం ఆవిడ నడివయసులో హైదరాబాదు వచ్చి ఆంధ్ర మహిళా సభలో చిన్నపిల్లల పక్కన కూచుని మెట్రిక్ చదివారు. తర్వాత కాకినాడలో ఆడపిల్లల హాస్టల్ మేట్రన్ ఉద్యోగం. ఇప్పుడు మహిళా సభ ఉన్న యూనివర్సిటీ రోడ్డు మీదుగానే మేం రిహార్సల్‌కి వెళ్లొస్తుంటాం. మేట్రన్ ఉద్యోగం చిన్నదని కాదు. ఆ ఉద్యోగానికి అర్హత మెట్రిక్ సర్టిఫికెట్టే గాని, ఊళ్లకి ఊళ్లని కూచోబెట్టిన విద్య కాదు.

అదే మండలిలోంచి మగవాళ్లు ఎక్కడికెళ్లారో చూడండి. రాజారావు 1953లో 'పుట్టిల్లు' సినిమా తీశారు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య మద్రాసు వెళ్లి పేరున్న నటులయ్యారు. జమున లేదా అంటారు. ఉంది, 'పుట్టిల్లు'తోనే వచ్చింది. పెళ్లికాని చిన్నపిల్లగా వచ్చింది. భర్త, బిడ్డలు, పార్టీ సభ్యత్వం ఉన్న స్త్రీకి మద్రాసు రైలు లేదు. నాజర్‌ది మళ్లీ వేరే దారి. దూదేకుల కుటుంబంలో పుట్టి, ఆకలి ఎరిగిన మనిషి ఆయన. తన ఆత్మకథకి కులం పేరే పెట్టుకుని 'పింజారి' అన్నాడు. పాటే తిండి పెట్టాలన్న విషయంలో ఆయనకి ఏ సంకోచమూ లేదు. 1986లో పద్మశ్రీ కూడా వచ్చింది. అందుకు నాకు సంతోషమే. ఔత్సాహికులుగా ఉండటమే గౌరవం అన్న షరతు ఆయన మీద లేదని మాత్రమే అంటున్నాను. ఆ షరతు స్త్రీల మీద ఉంది. వేదికెక్కటానికి పనికొచ్చిన తాళపుచెవే దిగాక అన్ని తలుపులకీ తాళం వేసింది.

'నిర్జన వారధి' ఇంగ్లీషు అనువాదం 2015లో సౌమ్య వి.బి. చేశారు. అక్కడ పేరు మారింది. 'ద షార్ప్ నైఫ్ ఆఫ్ మెమరీ' అయింది. అనువాదంతో నాకు పేచీ లేదు, ఇంకా చాలామందికి పుస్తకం చేరింది. పేరు మార్పు మీద మాత్రం ఉంది. జ్ఞాపకం కత్తిలా కోస్తుందంటే అది ఆవిడ లోపలి బాధ. మనుషులు నడవని వంతెన అంటే అది మన సంగతి. తన తరానికీ మన తరానికీ మధ్య వారధిగా నిలబడ్డానని, ఎవరూ దాటి రాలేదని ఆ పేరులో ఒక నిష్ఠూరం నాకు వినిపిస్తుంది. కత్తి అనేసరికి మనం జాలిపడి ఊరుకోవచ్చు. వారధి అంటే నడవాలి. 2018 ఆగస్టులో ఆవిడకి నూరేళ్లు నిండాయి. సెప్టెంబరులో విశాఖపట్నంలో కన్నుమూశారు.

నడవటం అంటే ఏమిటో విజయవాడలో కొంచెం తెలిసింది. మా వెంట ఢోలక్ వాయించటానికి ఒకబ్బాయి వచ్చాడు. కార్యక్రమం అయ్యాక పిలిచినవాళ్లు అతనికి కవరు ఇచ్చారు. మాకు పళ్లెంలో జాకెట్టు గుడ్డలు, పసుపు, కుంకుమ, ఒక్కో అరటిపండు. ఎంతో ఆప్యాయంగా ఇచ్చారు, అందులో సందేహం లేదు. "మీరంతా పెద్ద చదువులు చదువుకుని కూడా ఎంత ఓపికమ్మా" అన్నారు. మళ్లీ 'కూడా'. తిరుగు రైల్లో దాని మీదే చర్చ. డబ్బు అడిగితే మన పాటకి అర్థం మారిపోతుందని మాలో ఎక్కువమంది అన్నారు. అలా అన్న వాళ్లందరికీ నెలజీతమో పింఛనో ఫెలోషిప్పో ఉంది. సంగీతం టీచరు చాలాసేపు ఏమీ అనలేదు. శని ఆదివారాలే ఆవిడకి ఎక్కువ పాఠాలుండే రోజులు. ఆ రెండు రోజుల ట్యూషన్లు పోయాయి. మేం పాడిన ప్రతి పాటకి వరస చూసింది, ఎవరి గొంతు ఎక్కడ ఆగుతుందో కనిపెట్టి రెండో వాళ్లకి అందించింది ఆవిడే. "మీది ఉత్సాహం, నాది బియ్యం" అంది చివరికి, కోపం లేకుండానే.

ఉగాదికి ఇంకో ఊరి నుంచి పిలుపు వచ్చింది. ఎంత తీసుకుంటారని వాళ్లు అడగలేదు. జవాబు రాసే పని టీచరుకే అప్పగించాం. పోయిన ఆదివారం ఆవిడ కాయితం మీద రైలు ఛార్జీలు, ఢోలక్, పోయే ట్యూషన్లు విడివిడిగా రాసి, వాటి కింద 'పాటకు' అని రాసి, పక్కన ఖాళీ వదిలి మా వంక చూసింది. బ్యాంకు మేడమ్ ఒక అంకె చెప్పింది. హాస్టల్ అమ్మాయి అది చాలదంది. ఇంకా తేలలేదు.